లుయీజీ చెప్పే కథ, పక్కవాడు చెప్పే నిజం

వేసవి సెలవులకు తిరుపతి వచ్చిన మా అక్క కొడుకు తన స్విచ్‌ను, అంటే నింటెండో సంస్థ చేతి ఆటయంత్రాన్ని, వెంట తెచ్చుకున్నాడు. కొర్లగుంటలోని మా ఇంటి మిద్దె మీద, ఎండ తగ్గాక, వాడు ఆడుతున్నది 'పేపర్ మారియో: ది థౌజండ్-ఇయర్ డోర్'. 2004లో అదే సంస్థ పాత యంత్రం గేమ్‌క్యూబ్ కోసం వచ్చిన ఈ ఆటను 2024 మే 23న స్విచ్ కోసం కొత్తగా తీర్చిదిద్ది విడుదల చేశారు. అందులో ఒక అధ్యాయం ముగించుకుని కథానాయకుడు మారియో ఓడరేవు పట్నానికి తిరిగి వచ్చేసరికి తమ్ముడు లుయీజీ ఎదురవుతాడు. తానూ ఇంకో రాజ్యపు రాజకుమారిని కాపాడడానికి బయలుదేరానని, దారిలో ఎన్నో సాహసాలు చేశానని తీరిగ్గా చెప్పుకొస్తాడు. వింటున్న మారియో నిలబడ్డచోటే కునుకు తీస్తాడు. ఆ తర్వాత లుయీజీ వెంట ఉన్న తోడును కదిలిస్తే, ఆ వీరగాథలో అసలు జరిగింది ఏమిటో అతను కోపంగానో నీరసంగానో వివరిస్తాడు. రెండూ విన్న మా వాడు ఆట ఆపి నన్ను అడిగాడు: "మామా, ఈయప్ప అబద్ధం చెప్తా ఉండాడా, లేకుంటే నిజంగానే అట్ల జరిగిందనుకుంటా ఉండాడా?"

ఆ ప్రశ్నకు ఆట ఎక్కడా సమాధానం ఇవ్వదు. మారియో పేరు మీద వచ్చిన రోల్ ప్లేయింగ్ ఆటల (ఆర్‌పీజీల) గురించి రాసేవారు సాధారణంగా పోరాట పద్ధతి, బొమ్మల నాణ్యత, సంగీతం అన్నీ చెప్పేశాక, చివర్లో ఒక మాటగా హాస్యాన్ని ప్రస్తావిస్తారు. పెళ్లి భోజనంలో తాంబూలంలాగా దాన్ని చూడడం నాకు సమ్మతం కాదు. ఈ ఆటలను నిలబెట్టింది హాస్యమే. ఆ హాస్యం కథానాయకుడి దగ్గర పుట్టదు, అతని చుట్టూ తిరిగే చిన్న పాత్రల దగ్గర పుడుతుంది. ఆ చిన్న పాత్రలకు తమదంటూ ఒక బాధ, ఒక పంతం, ఒక గొప్ప చెప్పుకునే అలవాటు ఉన్నంతకాలం ఆటలో జీవం ఉంది. వాటిని తీసేసిన చోట ఆట పలచబడింది.

మూలం చూద్దాం. 1985లో జపాన్‌లో విడుదలైన 'సూపర్ మారియో బ్రదర్స్' పరుగెత్తి, గెంతి, గోతులు దాటే ఆట. తొంభైల్లో తిరుపతి సందుల్లో గంట లెక్కన డబ్బు తీసుకుని టీవీ గేమ్ ఆడించే అంగళ్లలో మా తరం దాన్ని నేర్చుకుంది. కథ ఒక్క వాక్యంలో అయిపోతుంది: బౌజర్ రాజకుమారిని ఎత్తుకుపోయాడు, మారియో వెళ్లి తేవాలి. అయినా ఆ ఆటలోనే రాబోయే హాస్యానికి విత్తనం ఉంది. మొదటి ఏడు లోకాల్లో కోట గెలిచిన ప్రతిసారీ రాజకుమారికి బదులు ఒక సేవకుడు కనిపించి, ఆమె వేరే కోటలో ఉందని చెబుతాడు. ఏడుసార్లూ అదే మాట, అదే మర్యాద. అంత కష్టపడి వచ్చినవాడికి అంత వినయంగా దక్కే ఆ నిరాశ మమ్మల్ని ఏడిపించేది, నవ్వించేది కూడా.

1996లో స్క్వేర్ సంస్థ తయారుచేసిన 'సూపర్ మారియో ఆర్‌పీజీ' ఆ విత్తనానికి నీళ్లు పోసింది. గెంతే ఆటలో ఎదురొచ్చినవాణ్ణి తొక్కుకుంటూ పోవాలి. రోల్ ప్లేయింగ్ ఆటలో ఎదురొచ్చినవాణ్ణి ఆగి పలకరించాలి. పలకరించాలంటే వాడికి ఒక మాట ఉండాలి, మాట ఉండాలంటే వాడికి ఒక మనసు ఉండాలి. మారియో మాత్రం మాట్లాడడు. అందరికీ తెలిసిన ఆ మౌనవీరుడి చుట్టూ ఎంత ఖాళీ స్థలం ఉందో ఆ ఆట కనిపెట్టింది. అది తీసినవారిలో ఇద్దరు, చిహిరో ఫుజియోకా, యోషిహికో మయెకావా, తర్వాత ఆల్ఫాడ్రీమ్ అనే చిన్న సంస్థకు వెళ్లారు. 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి ఆటయంత్రం మీద వచ్చిన 'మారియో అండ్ లుయీజీ: సూపర్‌స్టార్ సాగా' అక్కడ పుట్టిందే. ఇంటెలిజెంట్ సిస్టమ్స్ అనే సంస్థ చేతిలో 2000లో మొదలైన 'పేపర్ మారియో' వరుస ఇంకో పాయ.

థౌజండ్-ఇయర్ డోర్‌లో పోరాటం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే చిత్తూరు జిల్లా వాళ్లకు అది పరాయిగా అనిపించదు. పోరాటం నాటకరంగం మీద జరుగుతుంది. తెర తొలుగుతుంది, వెనుక అట్టముక్కలతో చేసినట్టున్న దృశ్యాలు, ముందు కుర్చీల్లో ప్రేక్షకులు. మారియో స్థాయి పెరిగేకొద్దీ రంగస్థలమూ పెద్దదవుతుంది, చివరకు రెండు వందల మంది దాకా పడతారు. మారియో దెబ్బ సరిగ్గా తగిలే క్షణంలో బటన్ నొక్కితే వాళ్లు కేరింతలు కొడతారు, ఆ ఉత్సాహమే అతనికి ప్రత్యేక శక్తిగా మారుతుంది. తప్పు చేస్తే ఉత్సాహం చల్లారుతుంది. ఒకడు ఆకలి తీర్చే వస్తువు విసిరితే ఇంకొకడు రాయి విసురుతాడు, రాయి ఎత్తినవాణ్ణి ముందే గమనించి బటన్ నొక్కితే మారియో పోరాటం ఆపి కిందికి దూకి వాడి పని పడతాడు. ఒక్కోసారి రంగాలంకరణే కూలి నటుల మీద పడుతుంది.

మా వైపు ధర్మరాజుల గుడి తిరునాళ్లలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం, పద్దెనిమిది రోజుల పాటు భారతం సాగుతుంది. ముఖ్యపాత్ర తెర వెనుక నుంచి రావడం, భుజకీర్తులు సర్దుకునేదాకా జనాన్ని హాస్యగాడు పట్టుకుని ఉంచడం, తెల్లవారుజామున నిద్ర ముంచుకొచ్చేవేళ ఎవరో ముసలాయన ముందు వరుసలోంచి దుర్యోధనుణ్ణి తిట్టడం, ఆ తిట్టుకు దుర్యోధనుడు పద్యంలోనే బదులివ్వడం చూసినవాడికి ప్రేక్షకులు కూడా ఆటలో భాగమేనని ఎవరూ నేర్పనక్కరలేదు. కీచకవధ రాత్రి చీరకట్టుకుని చీకట్లో కూర్చున్న భీముణ్ణి చూసి పిల్లలు పడీపడీ నవ్వుతారు. మరుక్షణం అదే భీముడు లేచి నిలబడితే నవ్వు గొంతులో ఆగిపోతుంది. నవ్వినంత మాత్రాన భీముడి మీద గౌరవం ఇసుమంతైనా తగ్గదు, ఇంకా పెరుగుతుంది. మన తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలోకి జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి సంసారపు గొడవ పెట్టుకోవడంలో ఉన్న తెలివి కూడా ఇదే. కాగితంలా పలచగా తెర మీద పక్కకు తిరిగి నడిచే మారియోను మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ తోలుబొమ్మలే గుర్తొచ్చాయి.

అంకెల విషయంలోనూ ఒక సూక్ష్మం ఉంది. చాలా రోల్ ప్లేయింగ్ ఆటల్లో దెబ్బల లెక్క వేలల్లోకి పోతుంది. పేపర్ మారియోలో మారియో పది ప్రాణాంకాలతో మొదలవుతాడు, తొలి దెబ్బలు ఒకటి, రెండు. రెండు తగలాల్సిన చోట ఒకటే తగిలితే ఆ తేడా కంటికి కనబడుతుంది, ఒంటికి తెలుస్తుంది. హాస్యానికి కావలసిన కొలత ఇదే. చిన్న తప్పు చిన్నదిగానే కనిపించాలి, కానీ దాని ఫలితం వెంటనే కనిపించాలి. సూపర్‌స్టార్ సాగాలో ఒక బటన్ మారియోది, ఇంకో బటన్ లుయీజీది. శత్రువు ఎవరి మీదికి దూకబోతున్నాడో సైగల్ని బట్టి పసిగట్టి, సరైన అన్న లేదా తమ్ముడి బటన్ నొక్కాలి. తొందరలో ఒకరికి బదులు ఇంకొకరు గెంతి, గెంతాల్సినవాడు దెబ్బ తింటే ఆడేవాడికి తన పొరపాటు మీదే నవ్వు వస్తుంది. అక్కడ సంభాషణ ఒక్క ముక్క లేదు, నవ్వు బటన్‌లోనే ఉంది.

ఆ ఆట కథను కూడా కాస్త చెప్పాలి. కాక్లెట్టా అనే మంత్రగత్తె పీచ్ రాజకుమారి గొంతు దొంగిలిస్తుంది. ఆమె నోరు తెరిస్తే అక్షరాలు కిందపడి బాంబుల్లా పేలుతుంటాయి. బౌజర్‌కు కోపం వస్తుంది, ఎందుకంటే అలాంటి రాజకుమారిని తన కోటకు ఎత్తుకుపోతే కోటే కూలిపోతుంది కదా. ఎత్తుకుపోవడానికి వీలుగా ఆమెను బాగుచేయడం కోసం అతను మారియోతో చేయి కలుపుతాడు. అన్నను సాగనంపడానికి చేయి ఊపుతున్న లుయీజీని తనూ వస్తానంటున్నాడనుకుని ఓడలోకి లాక్కుపోతాడు. దారి పొడవునా అతని పేరు మాత్రం గుర్తుపెట్టుకోడు. లుయీజీ ఒక సందర్భంలో రాజకుమారి వేషం కూడా కడతాడు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మీసాల మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికి నడవడం చూస్తూ పెరిగినవాళ్లకు ఆ వేషంలో వెక్కిరింత కనిపించదు. పాలెగాణ్ణి వెతుకుతూ వేషం మీద వేషం మార్చిన అమ్మవారి కథ ఉన్న ఊరు మాది. వేషం వేసినవాడు ఆ కాసేపు వేరే మనిషి అవుతాడని, ఆ స్వేచ్ఛలోనే నవ్వూ భక్తీ రెండూ ఉన్నాయని మాకు తెలుసు. రోల్ ప్లేయింగ్ అన్న మాటకు పాత్రధారణ కంటే వేషం కట్టడం అన్న మాటే సరిగ్గా సరిపోతుందని నేననుకుంటాను.

థౌజండ్-ఇయర్ డోర్‌లో అధ్యాయాల మధ్య బౌజర్ వంతు వస్తుంది. కొన్ని వంతుల్లో ఆట ఒక్కసారిగా 1985 నాటి గెంతుడు ఆటలా మారిపోతుంది, కానీ నడిపేది బౌజర్‌ను. పుట్టగొడుగు తిని మారియో పెరిగినట్టు ఇతను మాంసం ముక్క తిని కొండలా పెరిగి, దారికి అడ్డొచ్చిన ఇటుకలనూ కోటలనూ నుజ్జు చేసుకుంటూ పోతాడు. అంత చేసీ చాలాచోట్లకు మారియో వెళ్లిపోయాకే చేరుకుంటాడు. మాతృక నియమాలను పూర్తిగా తెలిసినవాడు మాత్రమే వాటితో ఇంత చనువుగా ఆడుకోగలడు.

ఇక 'పేపర్ మారియో' వరుసలో 2012లో వచ్చిన 'స్టిక్కర్ స్టార్' దగ్గరికి వస్తే నాకు బాధ కలుగుతుంది. నింటెండో సంస్థ ప్రచురించిన ఇంటర్వ్యూలోనే నిర్మాత కెన్సుకె తనబె చెప్పిన విషయం ఇది: కథ లేకపోయినా ఫరవాలేదని, వీలైనంతవరకు మారియో లోకంలో ఇప్పటికే ఉన్న పాత్రలతోనే పని పూర్తిచేయమని మారియో సృష్టికర్త షిగెరు మియమోటో కోరారు. దానికి ముందు వచ్చిన 'సూపర్ పేపర్ మారియో' గురించి ఆటగాళ్లను అడిగితే కథ నచ్చిందన్నవారు ఒక శాతం కూడా లేరనీ తనబె అన్నారు. ఫలితంగా వెంట నడిచే తోడులు పోయారు, ఊళ్లలో ఒకే ముఖం, ఒకే టోపీ ఉన్న టోడ్‌లు, అంటే పుట్టగొడుగు తలల చిన్న మనుషులు, మిగిలారు. మాటలు అప్పుడూ చమత్కారంగానే ఉన్నాయి. కానీ చెప్పేవాడు ఎవరైతేనేం అన్నట్టు ఉంటే చమత్కారం ఎంతసేపు నిలుస్తుంది? జుట్టుపోలిగాడి మాటలను పదిమంది సైనికుల బొమ్మలకు పంచి పెడితే ఆ బొమ్మలాట చూడడానికి ఎవరు కూర్చుంటారు?

అయితే ఆ నిర్ణయం వెనుక తర్కం లేదని అనను. నలభై ఏళ్ల పాత్ర రూపాన్ని ప్రతి ఆటలో ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటూ పోతే అది ఎవరిదీ కాకుండా పోతుందన్న భయం న్యాయమైనదే. వీధినాటకంలోనూ ధర్మరాజు కిరీటం ఎవరూ మార్చరు. పైగా ఆ కట్టుబాటులోనే మంచి పని చేయవచ్చని అదే వరుసలో 2020లో వచ్చిన 'ది ఒరిగామి కింగ్' చూపించింది. అందులో జ్ఞాపకం పోగొట్టుకున్న ఒక బాబ్-ఆంబ్, అంటే నడిచే బాంబు పాత్ర, ఉంటాడు. చూడడానికి మిగతా బాబ్-ఆంబ్‌లలాగే ఉంటాడు, పేలడానికి కావలసిన వత్తి కూడా ఉండదు. వాడి మతిమరుపు మీద నవ్వుకుంటూ చాలా దూరం నడిచాక, బండ కింద చిక్కుకున్న తోడు కోసం వాడు తన ప్రాణాన్ని ఇచ్చేస్తాడు. ముఖం అందరిదీ అయినా బాధ వాడి ఒక్కడిది కావడం వల్లే ఆ ఘట్టం ఆటగాళ్లను కదిలించింది. కాబట్టి స్టిక్కర్ స్టార్ చేసిన తప్పు టోడ్‌లను ఒకేలా గీయడం కాదు, వాళ్లకు సొంత బతుకు ఇవ్వకపోవడం.

ఈ హాస్యమంతా భాష మీద ఆధారపడినది, తెలుగు పిల్లల విషయంలో నా ఆవేదన అక్కడే ఉంది. సూపర్‌స్టార్ సాగాలో మంత్రగత్తె శిష్యుడు ఫాఫుల్ వంకరటింకర వాక్యాలతో, వంటింటి ఉపమానాలతో తన కోపాన్ని ప్రకటిస్తాడు. ఆంగ్లంలో ఆ మాటతీరు అనువాదకుల చేతి పనితనం. జపనీస్ మాటను మాటకు మాట దించకుండా, ఆంగ్లంలో నవ్వు ఎక్కడ పుడుతుందో వెతికి రాశారు. ఈ ఆటలు కొరియన్, చైనీస్ భాషల్లోనూ వస్తున్నాయి. భాష ఎంచుకునే పట్టికలో తెలుగు లేదు. మా అక్క కొడుకు ఆంగ్ల మాధ్యమంలో ఆరో తరగతి చదువుతున్నాడు, వాక్యాలు గడగడా చదువుతాడు, కానీ లుయీజీ డంబం ఏ మాటలో దాగుందో పట్టుకోలేడు. తప్పు వాడిది కాదు. పరాయి భాషలో అర్థం ముందు తెలుస్తుంది, నవ్వు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

అందుకే రెండు సాయంత్రాలు నేనే వాడి పక్కన కూర్చుని లుయీజీ మాటలను మా యాసలోకి మార్చి చెప్పాను. "అన్నా, నేను లేకుంటే ఆ కొండ ఈపాటికి ఊరి మీద పడి ఉండునన్నా" అని లుయీజీ, "ఈయప్ప జారి పడినాడబ్బా, అంతే జరిగింది" అని వాడి తోడు. ఇవి ఆటలోని వాక్యాలకు సరి అనువాదాలు కావు, ఆ మనుషుల తీరుకు మాత్రం సరిపోయాయి. పిల్లవాడు మిద్దె దద్దరిల్లేలా నవ్వాడు. వాడు నవ్వింది నా మాటల వల్ల కాదు, లుయీజీ లాంటి మేనమామనో చిన్నాన్ననో వాడు పెళ్లిళ్లలో చూసి ఉండడం వల్ల. ఇలాంటి ఆటను తెలుగులోకి తేవడానికి ఎవరైనా పూనుకుంటే పుస్తక భాష తెలిసినవారితో పాటు వీధినాటకాల్లో హాస్యం చెప్పినవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి. జనం నోట నలిగిన మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ విసరాలో వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

మూడో సాయంత్రం నేను పని మీద చిత్తూరు వెళ్లి ఆలస్యంగా ఇంటికి వచ్చాను. మిద్దె మీద మా వాడు స్విచ్ ఒళ్లో పెట్టుకుని లుయీజీ కొత్త సాహసాన్ని తనకు వచ్చిన తెలుగులో మా అమ్మకు చదివి వినిపిస్తున్నాడు. ధర్మరాజుల గుడి భారతాన్ని చిన్నప్పటి నుంచీ ఒక్క రాత్రి కూడా విడిచిపెట్టకుండా చూసిన మనిషి ఆమె. లుయీజీ గొప్పలన్నీ ఓపిగ్గా విని, వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగింది: "అది సరే నాయినా, ఆ పక్కన నిలబడుకోని ఉండేవాడు ఏమంటా ఉండాడో అది చదువు."