కడుపును ఎవరూ అనుమానించలేదు

దర్యాప్తులో మా ఇంటిని మించిన శాఖ హైదరాబాద్‌లో లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. మల్కాజిగిరిలో మా చెల్లెలి కొడుక్కి ఎనిమిదేళ్లు. అర్ధరాత్రి దాటిందంటే దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. ఇన్‌హేలర్ వాడుతున్నా ఉబ్బసం లొంగదు. బాల్కనీ పావురాలు, ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ దుమ్ము, పక్క ఫ్లాట్ అగరుబత్తి, ఫ్రిజ్ నీళ్లు... అందరినీ ముద్దాయిలుగా చేర్చాం. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో లైను కట్టి కొర్రమీను పిల్లనూ మింగించాం.

రాత్రి పదకొండుకి బిర్యానీ, మిర్చీ కా సాలన్, మీద కూల్‌డ్రింకు పట్టించి, ఆ వెంటనే పిల్లాణ్ణి పడుకోబెట్టేవాళ్లను మాత్రం సాక్షులుగానైనా పిలవలేదు. వాళ్లం మేమే కదా.

"రాత్రి ఎన్నింటికి తింటాడమ్మా?" అన్నాడు డాక్టరు.

మా బావకి ఒళ్లు మండింది. "ఊపిరాడట్లేదని వస్తే తిండి గురించి అడుగుతరేంది డాక్టర్ సాబ్?" బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నాడని మేమంతా ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఆయన చీటీ వెనక రెండు గొట్టాలు పక్కపక్కనే గీశాడు: ఒకటి అన్నవాహిక, ఒకటి శ్వాసనాళం. కడుపులో యాసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నితే, రెంటికీ వేగస్ నరం ఒకటే కాబట్టి ఇక్కడ మండితే అక్కడ శ్వాసనాళాలు బిగుసుకోవచ్చట. ఒక్కోసారి ఆ పులుపు చుక్కలుగా ఊపిరి దారిలోకే జారుతుందట. ఆయాసంతో రొప్పినా యాసిడ్ పైకెక్కుతుందట. అంటే ఎవరు ముందు కొట్టారో తేలని బస్తీ గొడవ.

నేరం రుజువైపోయిందని తాతయ్య సంబరపడ్డాడు. జేబులోంచి తన గ్యాస్ మాత్రల షీటు తీసి, "రేపట్నుంచి వీడికీ పరగడుపున ఒకటి" అని శిక్ష ఖరారు చేశాడు. డాక్టరు ఆ షీటు అందుకుని తిరిగి తాతయ్య జేబులోనే పెట్టాడు. ఉబ్బసం అదుపులో లేకున్నా గుండెమంట, పులితేన్పుల్లాంటి బాధల్లేని 306 మంది పిల్లల మీద అమెరికాలో జరిగిన అధ్యయనం 2012లో వచ్చిందట. ఆర్నెల్ల పాటు యాసిడ్ తగ్గించే లాన్సోప్రజోల్ మందు ఇచ్చినా ఉబ్బసం తగ్గలేదు సరికదా, జలుబులూ గొంతునొప్పులూ పెరిగాయట.

"ముందు ఇన్‌హేలర్ ఎలా పీలుస్తావో చూపించు నాన్నా."

వాడు జాతరలో బూర ఊదినట్టు ఊదాడు. మందంతా నాలుక మీదే. మందు ఊపిరితిత్తుల్లోకి చేరేలా ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, స్పేసర్, ఏదంటే, కొన్న కవరు విప్పకుండా బీరువా మీద భద్రంగా ఉందని మా చెల్లెలు గర్వంగా చెప్పింది.

ఆ రాత్రి పిల్లాడికి ఏడున్నరకే అన్నం పెట్టారు. పదకొండుకి బావకి బిర్యానీ పార్సిల్ వచ్చింది. వాసనకి పిల్లాడు లేచి కూర్చున్నాడు.

"ఇయ్యాల దగ్గనే లేదు, పాపం. రెండు ముద్దలు పెడితే ఏమైతది?" అంది నాయనమ్మ.