బోర్డు మనది, బేరం వాళ్లది

యాత్రికుడు రైలు దిగకముందే ఫోనులో గది వెతుక్కునే రోజులివి. అందుకే తిరుపతి బస్టాండు చుట్టుపక్కల చిన్న లాడ్జీలు సైతం సొంత వెబ్‌సైట్లు పెట్టుకున్నాయి. ఆ పేజీకి ఎక్కడో ఉన్న బుకింగ్ సంస్థ ఒకటి లింకు ఇస్తుంది. పైన తన పేరు, చుట్టూ ప్రకటనలు, అద్దె మీద కమీషను. ‘ఇంత కట్టాను కదా’ అని యాత్రికుడు నిలదీస్తే తెల్లముఖం వేయాల్సింది మాత్రం లాడ్జి యజమాని. కడుపు మండదా మరి!

అయినా ఉత్త లింకు మీద కేసు నిలవడం కష్టం. గాంధీ రోడ్డులో నిలబడి ఫలానా కొట్టుకు దారి చెప్పినవాడిని దొంగ అనలేం. వాడు దారి చెప్పి నాలుగు రూపాయలు సంపాదించినా సరే. అందరికీ తెరిచి ఉన్న పేజీకి లింకు ఇవ్వడానికి అనుమతి అక్కరలేదని ఐరోపా న్యాయస్థానం 2014లో తేల్చింది. లాభం కోసం లింకు ఇచ్చేవారికి 2016లో బాధ్యత పెంచింది కానీ, అది కాపీరైట్ హక్కుదారు అనుమతి లేకుండా నెట్‌లో పెట్టిన ఫొటోల వంటివాటికి లింకు ఇచ్చిన సందర్భంలోనే.

పట్టు దొరికేది లింకు చుట్టూ జరిగే పనుల్లో. గదుల ఫొటోలను, రాతను ఎత్తి తన పేజీలో పెట్టుకుంటే 1957 నాటి కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. అయితే ఫొటో తీసినవారి నుంచి హక్కు మీకు దఖలు పడి ఉండాలి, చాలామంది మరిచేది ఇక్కడే. లాడ్జి పేరు వాడుకుని తామే అసలు యాజమాన్యం అన్నట్టు నమ్మిస్తే 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ఉంది. పేరు రిజిస్టరు కాకపోయినా, మీ సరుకుగా తన సరుకును చలామణీ చేశాడన్న దావా వేయవచ్చు. లింకుల కోసం ఎదుటివారి రాతను, ఫొటోలను తాత్కాలికంగా నిల్వ చేసుకోవడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మన్నిస్తుంది, ఆ లింకులను హక్కుదారు స్పష్టంగా నిషేధించనంత వరకే. కాబట్టి నిషేధిస్తున్నామన్న ఒక్క వాక్యం సైటులో రాసిపెట్టుకోవడం ఖర్చులేని పని. ఆ నిల్వ మీద హక్కుదారు రాతపూర్వక ఫిర్యాదు అందితే అవతలివారు 21 రోజులు ఆ నిల్వను అందుబాటులో ఉంచకూడదు.

కోపంతో ఫోను చేసి తిట్టే ముందు ఆ పేజీలను తేదీతో సహా భద్రపరచాలి. తిట్టు విన్న మరునిమిషం అవి మాయమవుతాయి. కోర్టులో వాటికి 2023 నాటి సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఆ తర్వాతే వకీలు నోటీసు. కాపీరైట్, రిజిస్టరైన ట్రేడ్‌మార్కు వ్యాజ్యాలను హక్కుదారు తన వ్యాపారం నడిచే చోటనే వేసుకునే వీలుంది. బెంగళూరుకో ఢిల్లీకో తిరగాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఈ సంగతి తెలియకే ఎందరో నోరు మూసుకుంటున్నారని మా అనుమానం.

వీటన్నిటికన్నా ముందు బీరువాలోని పాత కాగితాలు తీయాలి. రద్దీ తగ్గిన రోజుల్లో గదులు నింపుతామని వచ్చిన ఏజెంటుకు చదవకుండా సంతకం పెట్టి, పేరూ ఫొటోలూ వాడుకొమ్మని మీరే రాసిచ్చి ఉంటే, నోటీసు పంపాల్సింది ఒప్పందం రద్దు చేస్తున్నామని.