దిగడమే కదా!

బద్ధకంలోంచి మనిషి పుట్టించిన సిద్ధాంతాలు చాలానే ఉన్నాయి. వాటన్నిటికీ తలమానికం ఇది: “లిఫ్ట్ ఎక్కిస్తుంది. మనం దిగడమే కదా!”

ఏటా జనవరిలో, లండన్ చుట్టుపక్కల ఏదో ఒక తెలుగు ఇంట్లో, ఈ మంత్రం జపించాకే ఆల్ప్స్ కొండల మీంచి సైకిళ్ళ మీద దిగే యాత్రకు ముహూర్తం పెడతారు. గమ్యం మోర్జీన్. ఫ్రాన్సులో, స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కన, జెనీవా ఎయిర్‌పోర్టు నుంచి సుమారు గంటన్నర దూరంలో ఉన్న ఊరు. చలికాలం స్కీయింగు వాళ్ళని కొండ మీదికి మోసిన రోప్‌వే లిఫ్ట్‌లే ఎండాకాలం సైకిళ్ళని మోస్తాయి. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ కొండల్ని కలిపి పోర్ట్ దు సొలెయ్ అంటారు. ఒకే పాసు మీద రెండు దేశాల్లో ఎక్కి దిగొచ్చు. ఎక్కడం లిఫ్ట్ పని, దిగడం అసలు పనే కాదు. మరి ప్లాను చెయ్యడానికి ఇంకేం మిగిలిందయ్యా అంటే, టీషర్టులు.

టీషర్టుల మీద చర్చ మూడు వారాలు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బైకు సర్వీసింగుకి ఇవ్వకముందే వీపు మీద ఏ పేరుండాలో తేలిపోవాలి. ‘లోయ వీరులు’ అని ఒకరు, ‘జారుడుబండ బ్యాచ్’ అని ఒకరు. తర్వాత కెమెరా హెల్మెట్‌కా ఛాతీకా అన్న ధర్మసందేహం. ఆ తర్వాత డ్రోను. యాత్ర భారమంతా నెత్తినేసుకున్న ప్లానరు గారి ఎక్సెల్ షీటులో ఒక్కోదానికీ ఒక్కో ట్యాబు, ట్యాబుకో రంగు. ఇంతలో గ్రూపులో ఒక అమాయకుడు అడుగుతాడు: “బ్రేకు ప్యాడ్లు ఎన్ని సెట్లు తీసుకెళ్దాం?” దానికి ప్లానరు గారి జవాబు ఒక బొటనవేలు బొమ్మ. ఎన్ని అంటే బొటనవేలు! ఒకటి అనుకోవాలో, బాగా అడిగావు అనుకోవాలో తెలియక ఆ అమాయకుడు మళ్ళీ నోరెత్తడు.

కాస్త లెక్క చూద్దాం. మనిషి 75 కేజీలు, బైకు 15 కేజీలు. మోర్జీన్ ఊరు దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. ప్లెనే లిఫ్ట్ దించేది 1500 మీటర్ల దగ్గర. 90 కేజీల సరుకు 500 మీటర్లు దిగితే బయటపడే శక్తి సుమారు 440 కిలోజూళ్ళు. లీటరు మంచినీళ్ళు మరగడానికి 335 చాలు. గాలి, టైర్లు, సస్పెన్షను తలా కాస్త పంచుకున్నాక సగమే బ్రేకుల దాకా వచ్చిందనుకున్నా, అర లీటరుకు పైగా నీళ్ళు తెర్లుతాయి. ఆ వేడంతా పుట్టేది చక్రాల ఉక్కు డిస్కుల్ని రూపాయి బిళ్ళకి కాస్త అటూ ఇటూ ఉండే నాలుగు ప్యాడ్లు ఒరిసే చోట. రోజుకి పదిసార్లు చొప్పున ఆరు రోజులు దిగితే ముప్ఫై లీటర్ల టీ. చిన్న సైజు పెళ్ళికి సరిపోతుంది.

శ్రీశైలం ఘాటులో లారీ తోలే డ్రైవరు ఈ లెక్క ఎప్పుడూ వేసి ఉండడు. కానీ సంగతి అతనికి తెలుసు. ఏ గేరులో ఎక్కాడో ఆ గేరులోనే దిగుతాడు, బండిని ఇంజనుతో పట్టి ఉంచి బ్రేకుని అవసరానికి దాచుకుంటాడు. సైకిలుకి ఆ ఇంజను లేదు. అలిపిరి మెట్లు మొక్కుకుని ఎక్కినవాళ్ళు కూడా దిగేటప్పుడు బస్సెక్కడం ఎందుకో మోకాళ్ళనడిగితే చెబుతాయి. దిగడం సుఖమనేది ఎప్పుడూ దిగనివాళ్ళ అభిప్రాయం.

అడిగినవాళ్ళు లేరు గానీ, చెప్పాల్సింది చెబుదాం. మనిషికి రెండు జతల స్పేర్ ప్యాడ్లు, అంటే ముందుకు రెండు, వెనక్కి రెండు. రెసిన్‌తో చేసిన ఆర్గానిక్ ప్యాడ్లు చప్పుడు చెయ్యవు, మెత్తగా పట్టుకుంటాయి, కానీ వాన పడితే బురదలో ఒకట్రెండు రోజుల్లో ఇనప రేకు దాకా అరిగిపోవచ్చు. అందుకే ఈ కొండలకి లోహపు పొడిని కాల్చి గట్టిపరిచిన సింటర్డ్ మెటల్ ప్యాడ్లు. ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్ మోడల్‌కో ఆకారం కాబట్టి అక్కడ కొనుక్కోవచ్చులే అని వెళ్ళకూడదు, మీ ఆకారం తప్ప అన్నీ ఉంటాయి. కొత్తవి వేశాక చదునైన రోడ్డు మీద వేగంగా వెళ్ళి, పూర్తిగా ఆగకుండా నడక వేగానికి తేవడం ఓ ఇరవైసార్లు చేస్తేగానీ అవి డిస్కుకి అలవాటు పడవు. వెనక గేరు మార్చే డెరైలర్ వేలాడే చిన్న కొక్కెం, అదే డెరైలర్ హ్యాంగర్, మీ బైకుదే ఒకటి స్పేరు. టైర్లు ఇంటి దగ్గర పార్కులో తిరిగే పల్చటివి కావు, ఒక్కోటి కేజీకి పైన తూగే డౌన్‌హిల్ రకం, ట్యూబ్‌లెస్, లోపల చిల్లు పడితే పూడ్చే సీలెంటు ద్రవం కొత్తది. 75 కేజీల మనిషికి గాలి ముందు 23, వెనక 26 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి. వీటిలో ఏదీ ఫొటోలో కనపడదు. అందుకే షీటులోనూ కనపడదు.

ఇక మొదటి రోజు. లిఫ్ట్ తెరిచేసరికి లోయ వీరులు ప్లెనే కొండ మీద నిలబడి ఉంటారు. గ్రూపు ఫొటో. డ్రోను. మళ్ళీ గ్రూపు ఫొటో, ఎందుకంటే మొదటి దాంట్లో ఎవరో కళ్ళు మూశారు. బయల్దేరతారు. ఈ కొండ బ్రేకింగ్ బంప్స్‌కి పేరుమోసింది. వేలమంది ఒకే మలుపు ముందు ఒకే చోట బ్రేకు నొక్కగా నొక్కగా నేల దోసెల రేకులా కాదు, బట్టలుతికే పలకలా గాళ్ళు పడిపోయి ఉంటుంది. ఆ గాళ్ళ మీద, రెండు బ్రేకు లివర్లూ పై నుంచి కింది దాకా వదలకుండా పట్టుకుని, మన వీరులు దిగుతారు. మలుపుకి ముందు గట్టిగా, కొద్దిసేపు నొక్కి, మలుపులో వదిలెయ్యాలి. వదిలిన ఆ రెండు క్షణాలే డిస్కుకి గాలి తగిలే సమయం, వేళ్ళకి నెత్తురు పారే సమయం. కానీ వదిలితే వేగం వస్తుంది, వేగం వస్తే భయం వేస్తుంది, భయం వేస్తే పట్టుకోవాలి. పట్టుకుంటే మోచేతి నుంచి మణికట్టు దాకా కండ కర్రలా బిగుసుకుంటుంది. సగం కొండకి వచ్చేసరికి ఏడుగురూ దారి పక్కన బారుగా నిలబడి, తడిచేతులు విదిలించినట్టు చేతులు విదిలిస్తూ ఉంటారు. పైనుంచి వచ్చిన పదేళ్ళ ఫ్రెంచి పిల్ల వాళ్ళని దాటుకుని పోతుంది. “వ్యూ చూద్దామని ఆగాం” అంటారు ప్లానరు గారు, ఎవరూ అడక్కపోయినా. వాళ్ళు చూస్తున్న వైపు వ్యూ లేదు, లిఫ్ట్ స్తంభం ఉంది.

అప్పుడు వాసన వస్తుంది. “ఎవరో బార్బెక్యూ వేస్తున్నట్టున్నారు!” వేస్తున్నది మీరే బాబూ. లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. లివర్ నొక్కుడుని ప్యాడ్ల దాకా మోసే ఆయిల్ మరిగి బుడగలు కట్టింది. ఆయిల్ నొక్కుడుకి లొంగదు గానీ బుడగ లొంగుతుంది, అందుకే బ్రేకు మెత్తబడుతుంది. ఇప్పుడు చెయ్యాల్సిన పని ఊరుకోవడం. పది నిమిషాలు నీడలో కూర్చుంటే చల్లారుతుంది. కానీ ఊరుకోవడం మన రక్తంలో లేదు కదా! బాటిల్లో నీళ్ళు తీసి డిస్కు మీద పోస్తారు. ‘సుయ్’మంటుంది. పోపు వేసినట్టు. అందరూ చప్పట్లు. కాలిన ఉక్కు మీద చన్నీళ్ళు పడి డిస్కు వంకరపోతే, ఇక వారమంతా చక్రం తిరిగినప్పుడల్లా ‘చిర్... చిర్...’ అని నామజపం.

రెండో రోజు ప్లాన్లో షాంపెరీ ఉంటుంది. 2011లో జోరువానలో బ్రిటన్ డౌన్‌హిల్ రైడర్ డానీ హార్ట్ 11 సెకన్లకు పైగా తేడాతో ప్రపంచ ఛాంపియనైన కొండవాలు. ప్లానరు గారు ఆ వీడియో చాలాసార్లు చూశారు. చూడటం ద్వారా కొంత నైపుణ్యం అబ్బిందని ఆయన నమ్మకం. షాంపెరీ స్విట్జర్లాండ్‌లో ఉంది. వెళ్ళడం లిఫ్ట్ మీద లిఫ్ట్, తిరిగి రావడమూ అంతే. లిఫ్ట్‌లన్నీ ఒకే టైముకి ఆగవు, వరసలో ఏది ముందు మూస్తారో చూసుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వెయ్యాలి. పైగా మధ్యాహ్నం ఉరుము వినబడితే ఆపేస్తారు. ఈ లెక్క వెయ్యకుండా, వెళ్ళే దారిలో ఫ్రాన్సు వైపే ఉన్న లిందారే అనే పల్లెలో మేకల దగ్గర సెల్ఫీలు దిగుతూ కూర్చుంటే (అక్కడ మేకలు వీధుల్లో తిరుగుతాయి, శాండ్‌విచ్ జాగ్రత్త), ఆఖరి లిఫ్ట్ పోయాక కొండకి అటువైపు మిగిలిపోతారు. రోడ్డు మీద చుట్టు తిరిగి మోర్జీన్ చేరాలంటే టాక్సీలో గంటకు పైనే. టాక్సీవాడు బురద సైకిళ్ళు ఎక్కించుకోవాలి కదా మరి. ఫోన్ చేద్దామంటే, స్విట్జర్లాండ్ ఈయూ రోమింగులో లేదు. ఆ బిల్లు నెల తిరిగాక వస్తుంది.

సరే, ఇదంతా పెద్దవాళ్ళు తమ డబ్బుతో, తమ ఎముకలతో చేసుకునే సరదా. ప్లానరు గారి బావమరిది మాటేమిటి?

వేసవిలో అక్కనీ బావనీ చూడ్డానికి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు. షెంజెన్ వీసా కూడా తెచ్చుకున్నాడు పాపం.

“బావా, నేను సైకిల్ తొక్కి పదేళ్ళయింది.”

“తొక్కేదేముందిరా, దిగడమే కదా!”

ఇక్కడ దారులకి, తేలికదాని నుంచి కష్టమైనదాని దాకా, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని గుర్తులున్నాయి. ఆకుపచ్చది పిల్లలదని ప్లానరు గారి తీర్పు. నీలం టైం వేస్టు. అద్దె బైకు మీద వాణ్ణి ఎరుపు దారి మొదట్లో నిలబెడతారు. ఇక్కడ ఒక సంగతుంది. మన దేశంలో సైకిలుకైనా మోటార్ సైకిలుకైనా కుడిచేతి లివరే ముందు బ్రేకు. బ్రిటన్‌లో సైకిళ్ళకీ అంతే. ఫ్రాన్సులో అది ఎడమచేతికి వస్తుంది. స్కూటీ నడిపిన వాడికి ఎడమ లివర్ అంటే వెనక బ్రేకు. బైకు నడిపిన వాడికి క్లచ్చు. గుండె జారినప్పుడు చెయ్యి ఆలోచించదు, అలవాటు చేస్తుంది. వాడు ఎడమ లివర్ని క్లచ్చు పిసికినట్టు నాలుగు వేళ్ళతో పిసుకుతాడు. అటువైపున్నది నాలుగు పిస్టన్ల హైడ్రాలిక్ బ్రేకు, 200 మిల్లీమీటర్ల డిస్కు, ఒక్క వేలికి సరిపోయేలా చేసినది. ముందు చక్రం ఆగిపోతుంది. మనిషి ఆగడు. హ్యాండిల్ మీంచి ఎగిరి చేతులు చాపి పడతాడు, విరిగేది మణికట్టో కాలర్‌బోనో.

ఈ సంగతి ప్లానరు గారికి తెలియదా? తెలుసు. బాగా తెలుసు. తన బైకుని డబ్బాలో పెట్టి విమానంలో మోసుకొచ్చింది అందుకే. తన లివర్లు తన అలవాటు ప్రకారమే ఉన్నాయి! అద్దె షాపుకి ముందుగా ఒక మెయిలు రాస్తే బ్రేకులు మార్చి ఉంచుతారేమో కనుక్కోవచ్చు. అక్కడికి వచ్చేవాళ్ళలో బ్రిటిష్ వాళ్ళే బోలెడుమంది, వాళ్ళకి కొత్త కోరికేం కాదు. మార్చకపోయినా, కార్ పార్కింగులో అరగంట తిప్పించి, ఒక్క వేలితో నొక్కడం నేర్పించి, సీటు కిందికి దించి, మొహం మొత్తం కప్పే హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, గ్లవుజులు పెట్టించి, ఆకుపచ్చ దారిలో రెండుసార్లు దింపి, పూటకి ఒక కోచ్‌ని పెట్టి ఉంటే వాడికీ ఈ ఆట మీద ఇష్టం పుట్టేది. టీషర్టు మీద మూడు వారాలు గడిపిన పెద్దమనిషికి వాడి చేతుల మీద అరగంట పెట్టే తీరిక లేకపోయింది. నిన్ను నమ్మి నీ వెనకాల కొండెక్కినవాణ్ణి నీ వీడియోలో వెనక కనపడే బొమ్మ చేశావు. ఆస్పత్రి మంచం పక్కన నిలబడి “మనవాడికి ధైర్యం చాల్లేదు” అని నవ్వడానికి సిగ్గుండాలి!

వాడి ఇన్సూరెన్సు? ఉంది. వీసాకి కనీసం 30,000 యూరోల పాలసీ ఉండాలి కాబట్టి ఉంది. చాలా పాలసీల్లో సాహస క్రీడలకి వర్తించదు అని ఒక వాక్యం ఉంటుంది. కొండ మీంచి దించే ఖర్చు ఉందో లేదో ఇంకో పేజీలో ఉంటుంది. ఆ రెండూ కొనేముందే చదవాలి. లండన్‌వాళ్ళ జేబులో ఉన్న బ్రిటిష్ ఆరోగ్య కార్డు కూడా కొండ మీది రెస్క్యూ ఖర్చు భరించదు. పడినవాడు సరిహద్దుకి అటువైపు, స్విస్ నేల మీద పడితే హెలికాప్టరు బిల్లు ఇంటికే వస్తుంది. ఎక్కడైనా 112, ఈ కొండలకి స్విట్జర్లాండ్ వైపు హెలికాప్టరుకి 144. ఈ రెండు నంబర్లకీ షీటులో ట్యాబు లేదు. డ్రోను బ్యాటరీలకి ఉంది.

ఈ ఏటి ప్రయాణం రేపు తెల్లవారుజామున. అర్ధరాత్రి హాల్లో కార్పెట్ మీద ప్లానరు గారు బైకుని డబ్బాలోకి ఎక్కిస్తున్నారు. డిస్కులు ఊడదీశారు, బాగుంది. ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టలేదు. దారిలో లివర్ నొక్కుకుంటే పిస్టన్లు రెండూ వచ్చి ముద్దుపెట్టుకుంటాయి, అది మోర్జీన్‌లో చూసుకుంటారు. కుడి పెడల్ ఊడింది. ఎడమది ఊడటం లేదు. దాని మర ఉల్టా. ఊడదీసే ఆరు పలకల అలెన్ కీని పైకి నిలబెట్టి బైకు వెనకవైపుకి తోస్తే రెండు పెడళ్ళూ ఊడతాయి. ఆయన ముందుకి తోస్తున్నారు. బిగుస్తోంది. కాలు ఆనించి ఇంకా తోస్తున్నారు. అలెన్ కీ దూరే రంధ్రం మూలలు అరిగి గుండ్రబడ్డాయి. నిద్రకళ్ళతో లేచొచ్చిన భార్య అడిగింది, ఎవరినైనా పిలవనా అని.

“ఎందుకూ, ఊడదీయడమే కదా!”