మూడు రోజుల సెలవుకి టైమ్‌టేబుల్ ఎందుకండీ?

సెలవుల్లో ఇంట్లో ఉన్నా గంటగంటకీ ప్లాన్ వేసుకోవాలని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట నాకు ఎక్కలేదు. మొన్న మూడు రోజులు సెలవొస్తే మేం చేసింది ఒక్కటే, వెయ్యి ముక్కలు కలిపి ఒక బొమ్మ పేర్చే జిగ్‌సా పజిల్ టేబుల్ మీద పరిచిపెట్టాం. వెయ్యి అని పేరే గానీ, చాలావాటిలో అడ్డం 38, నిలువు 27 లెక్కన 1,026 ముక్కలుంటాయి! అంచులు నేనూ మా ఆవిడా పేర్చాం. ఆకాశం ముక్కలన్నీ ఒకటే నీలం, వాటి జోలికి ఎవరూ పోలేదు. సాయంత్రం వచ్చిన స్నేహితులు "ఐదు నిమిషాలే" అంటూ కూర్చుని రాత్రి పదకొండుకి లేచారు. ఫోన్ వదలని మా పెద్దబ్బాయి కూడా వచ్చి, రంగు సంగతి వదిలేసి ఆకారాన్ని బట్టి ముక్కలు వేరుచేసి, సగం ఆకాశం నింపేశాడు. చివరికి ఒక ముక్క తక్కువైంది. సోఫా కింద ఇంకా వెతుకుతున్నాం.