సంచి లెక్కలో ఆవు ఎక్కడుంది?

తిరుపతి బైరాగిపట్టెడలో మా పిన్నమ్మ గుడ్డసంచులు కుడుతుంది. తమ్ముడు ఎంటెక్‌లో పర్యావరణ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఒక పెళ్ళివాళ్ళు రిటర్న్ గిఫ్టుకని అయిదువందల సంచులు ఆర్డరిచ్చిన రోజే వాడు సెలవులకు వచ్చాడు. కుట్టుమిషను పక్కన మొదలైన వాదన రాత్రి భోజనాల దాకా సాగింది. గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

తమ్ముడు: పిన్నమ్మా, కోప్పడకుండా విను. నువ్వు కుట్టే కొత్త సంచి కన్నా పల్చటి ప్లాస్టిక్ కవరు తయారీకే వాతావరణం మీద భారం తక్కువ.

పిన్నమ్మ: ఎవరు చెప్పినార్రా నీకు?

తమ్ముడు: ఒక వస్తువు పుట్టిన దగ్గర్నుంచి చెత్తలో కలిసేదాకా ఎంత కరెంటు, ఎన్ని నీళ్ళు, ఎంత పొగ అని మెట్టుమెట్టుకీ కొలుస్తారు. జీవితచక్ర మదింపు అంటారు. ఐఎస్ఓ 14040, 14044 అని దానికి ప్రమాణాలే ఉన్నాయి. కవరుకైతే ముడిచమురు, గ్యాసు, ఫ్యాక్టరీ, లారీ. నీ సంచికి పత్తి చేను, ఎరువు, పురుగుమందు, నీళ్ళు, నూలు మిల్లు, నేత, అద్దకం. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011 నివేదికలో ఏం తేలిందో తెలుసా? ఒక్కసారి వాడి పారేసే కవరుతో వాతావరణం విషయంలో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. డెన్మార్క్ వాళ్ళు 2018లో నీళ్ళు, ఓజోను పొర లాంటివి కూడా చూశారు. ఏ ఒక్కదాంట్లోనూ వెనకబడకూడదంటే 7,100 సార్లు!

పిన్నమ్మ: (మిషను ఆపి) వారానికి రెండుసార్లు కూరగాయలకు పోతాను. 131 సార్లంటే ఏడాదీ మూడు నెలలు. అంతేనా? ఆ మేకుకు వేలాడేది ఎప్పటిదనుకున్నావు? మీ తాత పంచె చినిగితే కుట్టింది. ఆయన పోయి ఆరేళ్ళు. దానికోసం ఏ చేలో పత్తి వేసినారు చెప్పు.

(నేను లేచి చూశాను. పంచె అంచే పిడి అయింది. అడుగున నీలం గుడ్డతో రెండు అతుకులు, ఒక మూల ఎంత ఉతికినా పోని చింతపండు మరక.)

తమ్ముడు: అది ఒప్పుకుంటా. పాతగుడ్డ అయితే పత్తి భారమంతా పంచె ఖాతాలోకి పోతుంది. సంచికి దారం, కుట్టు తప్ప పెద్దగా ఏం పడదు. కానీ ఇక్కడ మడిచి పెట్టిన తాను కొత్తది కదా. మన బీరువాలో పెళ్ళిళ్ళలో వచ్చిన సంచులు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టావా?

పిన్నమ్మ: దానికి తర్వాత వస్తా. ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు. నీ లెక్కలో ఆవు ఎక్కడుంది?

తమ్ముడు: ఆవా?

పిన్నమ్మ: వీధి చివర కుప్పలో మిగిలిన అన్నం కవర్లో కట్టి పడేస్తారు. ఆవుకు ముడి విప్పడం రాదు, కవరుతో సహా మింగుతుంది. 2021 నవంబర్ వానలకు మా కాలువ పొంగినప్పుడు నీళ్ళకు అడ్డంపడినవి ఏంటో నా చేతులతో తీసినా. అవన్నీ ఏ గడిలో రాసినారు?

తమ్ముడు: రాయలేదు. డెన్మార్క్ లెక్కలో వాడిన కవరు చివరికి కొలిమిలో కాలుతుంది, ఆ వేడిని వాడుకుంటారు. వీధిలో పడిపోయేది లెక్కలోకే రాలేదు.

పిన్నమ్మ: మరి ఆ లెక్క తెచ్చి ఇక్కడ నన్నెట్లా తప్పు పడతావు?

(ఇక్కడ నేను పిన్నమ్మ వైపే. ఎంత నిజాయితీగా వేసిన లెక్కయినా గీత ఎక్కడ గీశారో అక్కడికే పనిచేస్తుంది. మన చెత్త పోయే దారి గీత బయట ఉండిపోతే ఆ అంకె మనది కాదు.)

తమ్ముడు: సరే, ఆవును కలుపుదాం. అయినా చెత్తనొక్కదాన్నే చూస్తే నువ్వూ సగమే చూసినట్టు. ప్లాస్టిక్ వల్ల గాలిలో కలిసే వాయువుల్లో దాదాపు తొంభై శాతం తయారీ దశలోనివే. కవరును జాగ్రత్తగా బుట్టలో వేసినంత మాత్రాన ఆ పొగ వెనక్కి రాదు. అట్లాగని ప్లాస్టిక్ అంతా చెడ్డదనీ అనలేం. చిత్తూరులో మామయ్య మామిడి తోటకు డ్రిప్ పైపులు లేకపోతే బోరు నీళ్ళు చాలేవా?

పిన్నమ్మ: పైపును నేనెప్పుడైనా ఏమన్నా అన్నానా? అది ఏళ్ళతరబడి నీళ్ళు మిగులుస్తుంది. నా గొడవంతా కవరు మీదే.

తమ్ముడు: కవరు సంగతే చెప్తా. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి కవర్లు నిషేధం. మందం పెరిగితే ఒక్కో కవరుకు పట్టే ప్లాస్టిక్ కూడా పెరుగుతుంది. దాన్నీ ఒక్కసారికే పారేస్తే ఇంకా నష్టం. గుడ్డయినా, ప్లాస్టిక్కయినా ఎన్నిసార్లు వాడామన్నదే నేను అడిగేది. పెళ్ళి సంచి ఎన్నిసార్లు బజారుకు పోతుంది?

(పిన్నమ్మ చాలాసేపు మాట్లాడలేదు. బీరువా తెరిచి, కింది అరలోని సంచులు తీసి మంచం మీద పరిచింది. ఇరవై మూడు. కొన్నింటి మడత కూడా విప్పలేదు.)

పిన్నమ్మ: పాతచీరలతో కుడతానంటే పెళ్ళివాళ్ళు ఒప్పుకోరు. శుభమా అని పాతగుడ్డ ఎవరు పంచుతారు? మనిషికొకటి వద్దు, ఇంటికొకటి చాలని అడిగి చూస్తా.

తమ్ముడు: నీకు కూలి తగ్గుతుంది కదా.

పిన్నమ్మ: తగ్గుతుంది. ఫోన్ ఇట్లా ఇయ్యి.

(మూడువందల సంచులకు ఒప్పుకున్నారు.)

తమ్ముడు: అవి కూడా కొత్తగుడ్డే, పిన్నమ్మా.

పిన్నమ్మ: తెలుసు. ముందు తెగేది పిడి. అది తెగితేనే సంచి మూలకు పోతుంది. అందుకే పిడికి ఇంకో రెండు వరుసలు కుడుతున్నా. దారం అందియ్యి.