గోల్కొండకు 45 నిమిషాలు

1687లో గోల్కొండ కోటను పట్టుకోవడానికి ఔరంగజేబుకు ఎనిమిది నెలలు పట్టింది. ఫిరంగులున్నాయి, ఏనుగులున్నాయి, పట్టుదల ఉంది. అయినా లోపలివాడొకడు తలుపు తీస్తే తప్ప పని కాలేదు. అదే కోటకు బావగారు తన ఎక్సెల్ షీటులో కేటాయించిన సమయం 45 నిమిషాలు, అందులో 10 నిమిషాలు ఫొటోలకు. ఇంతటి సమర్థుడు మొగలు కొలువులో లేకపోవడం ఆ వంశం చేసుకున్న దురదృష్టం.

బావగారంటే ఫలానా మనిషని కాదు. ప్రతి ఇంటికీ ఒకరుంటారు. పిల్లల సెలవులకు ఓ వారం హైదరాబాదు చూసొద్దామని ఇంట్లో మాట పడగానే ప్రణాళికా సంఘం, ఆర్థిక శాఖ, రవాణా శాఖ మూడూ ఆయన చేతికి వెళ్లిపోతాయి. ప్రణాళికా సంఘాన్ని కేంద్రం ఎప్పుడో ఎత్తేసిందన్న కబురు ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. ఏడుగురు మనుషులు, ఏడు రోజులు, 31 ప్రదేశాలు, 21 పూటల తిండి. ప్రతి ప్రదేశానికీ ఒక గడి, గడికో రంగు. షీటులో గడి లేనివి రెండే: అత్తయ్యగారి మోకాళ్లు, మిగతా ఆరుగురి కడుపులు.

ఆయన శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. సదరు షీటుకు కొన్ని సవరణలు మాత్రం సవినయంగా ప్రతిపాదిస్తున్నాం.

ముందుగా శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే. జూపార్కుకు సోమవారం. ఈ మూడు ముక్కలు తెలియక, మూసిన గేటు ముందు వరుసగా నిలబడి ఫొటో దిగిన కుటుంబాలు తెలుగునాట కోకొల్లలు. చిత్రమేమిటంటే టూరు మొత్తంలో అందరూ మనస్ఫూర్తిగా నవ్వేది ఆ ఫొటోలోనే. ఇక నడవక్కర్లేదని అప్పటికే తేలిపోయింది కదా. బావగారి షీటులో సహజంగానే మ్యూజియం శుక్రవారం, జూ సోమవారం ఉంటాయి. రెండింటినీ తారుమారు చేయడానికి రెండు నిమిషాలు చాలు. చేస్తే రంగులు మారిపోతాయని ఆయన అభ్యంతరం.

పాతబస్తీకి కారులో వెళ్లడం గురించి షీటులో "25 ని." అని ఉంది. అంటే మదీనా చౌరస్తా ఎలా ఉంటుందో ఆయన సాటిలైట్ ఫొటోలో మాత్రమే చూశారన్నమాట. ఏడుగురికి ఒక క్యాబు చాలదు, రెండు బుక్ చేస్తే ఒకటి చార్మినార్‌కూ ఇంకొకటి చార్మినార్ చౌరస్తాకూ వెళ్తుంది. ఈ రెండోది ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పక్కన, ఎక్కడో ఇంకో లోకంలో ఉందన్న సంగతి దిగాక తెలుస్తుంది. మెట్రో ఎక్కండి. చార్మినార్‌కు మెట్రో లేదు. మెట్రో మ్యాపులో ఆకుపచ్చ గీత ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర ఆగిపోవడం చూసి అచ్చుతప్పు అనుకోవద్దు, నిజంగానే అక్కడ ఆగిపోయింది. ఎంజీబీఎస్‌లో దిగి మూసీ దాటితే సుమారు కిలోమీటరులో మ్యూజియం. పది గంటలకల్లా లోపల ఉండాలి.

లోపల దాదాపు 40 గదులున్నాయి. అన్నీ చూడాలనుకునేవాళ్లు ఏ మూడో గదిలోనో కూలబడి, మిగతావి ఇంటికొచ్చి యూట్యూబులో చూస్తారు. గడియారం దగ్గర, మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర ఆగండి, మిగతాది కాళ్ల దయ. ఆ గడియారంలో గంటగంటకూ ఒక గడ్డపాయన బొమ్మ లోపలి నుంచి వచ్చి గంట కొట్టి వెళ్లిపోతుంది, దానికోసం బెంచీల మీద జనం సినిమాకు కూర్చున్నట్టు కూర్చుంటారు. అందరూ 12 గంటల ఆటకే ఎగబడతారు, ఎందుకంటే పన్నెండు దెబ్బలు. 11 గంటలకు వెళ్తే ఒక్క దెబ్బ నష్టం, ముందు వరుస లాభం. ఈ ఒక్క దెబ్బ వదులుకోవడానికి ఒప్పుకోని బావగార్లు పన్నెండింటికి వెళ్లి, ముందువాడి భుజం మీద కూర్చున్న పిల్లాడి వీపు మాత్రం స్పష్టంగా చూసి వస్తారు.

అక్కణ్నుంచి పత్తర్‌గట్టీ మీదుగా, చార్ కమాన్ దాటి నడుచుకుంటూ వెళ్తే చార్మినార్. 1591 నాటిది. గడియారాలు మాత్రం 1889లో పెట్టారు, కాబట్టి దాని ముందు నిలబడి "నాలుగు వందల ఏళ్ల గడియారం" అని పిల్లలకు చెప్పకండి, పక్కనే గైడు వింటూ ఉంటాడు. పైకి మెట్లు ఇరుకు, నిటారు, గుండ్రం. ఎక్కేవాడికీ దిగేవాడికీ మధ్య జరిగే చర్చలకు ఐక్యరాజ్యసమితి పరిశీలకుడు అవసరం. అందువల్ల ఈ ఎక్కుడు భోజనానికి ముందే ముగించాలి.

ఇక్కడే అసలు సంగతికి వస్తున్నాం. హైదరాబాదులో ఏ ప్రణాళికైనా నిలిచేదీ కూలేదీ ఒక్క సూత్రం మీద: బిర్యానీకి ముందు మెట్లు, బిర్యానీకి తర్వాత కుర్చీలు. బావగారి షీటులో బుధవారం ఒంటిగంటకు బిర్యానీ, మూడింటికి గోల్కొండ. గోల్కొండ పైదాకా మూడు వందల పైచిలుకు మెట్లు. కచ్చీ బిర్యానీ అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం: పెరుగు, మసాలా, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించిన పచ్చిమాంసం అడుగున, సగం ఉడికిన బాస్మతి పైన, మూత చుట్టూ గోధుమపిండితో సీలు, కింద మంట, మూత మీద నిప్పులు. లోపలి ఆవిరి బయటికి పోవడానికి దారి లేక మాంసంలోకే పోతుంది. తిన్నాక మనిషి పరిస్థితీ అదే. ఈ స్థితిలో మనిషిని కొండ ఎక్కించడం ఔరంగజేబు కూడా చేయని పని.

కాబట్టి తారుమారు చేయండి. పొద్దున తొమ్మిదికల్లా కోట ద్వారం దగ్గర ఉండాలి, కడుపులో నాలుగు ఇడ్లీలు, చేతిలో మనిషికో లీటరు నీళ్లు. ఒక దారిలో ఎక్కి ఇంకో దారిలో దిగండి, పైన అమ్మవారి గుడి దగ్గర గాలి బాగుంటుంది, రామదాసు చెర దగ్గర నీడ ఉంటుంది. ముఖద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపిస్తుందన్నది నిజమే. కానీ కింద ఒకేసారి మూడు స్కూళ్ల పిల్లలు, రెండు పెళ్లి బృందాలు, ఒక బావగారు కొడుతుంటారు. శత్రువు వచ్చాడని పైవాళ్లకు తెలియడానికి పెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పుడైతే పైవాళ్లు కోట ఖాళీ చేసి పోయేవాళ్లే. సాయంత్రం లైట్ షో చూడాలనుకుంటే అది విడిగా ఇంకో సాయంత్రానికి, ఇంకో టికెట్టుకు. ఏ ఆట ఏ భాషలోనో ముందే కనుక్కోకపోతే అత్తయ్యగారు గంటసేపు ఇంగ్లీషులో కుతుబ్‌షాహీల చరిత్ర వినాల్సి వస్తుంది.

దిగి పన్నెండున్నరకు బిర్యానీ. ఆలస్యం చేయవద్దు. మధ్యాహ్నపు హండీ మూత తీసేది ఆ వేళకే. మూడు దాటితే వచ్చేది దాని అడుగు, అప్పటికి పైది తెల్లన్నం, కిందిది మసాలా ముద్ద, రెండింటికీ పరిచయం ఉండదు. ప్లేటు ఒకటి ఇద్దరికి వస్తుంది. ఏడుగురికి నాలుగు ప్లేట్లు. బావగారు ఏడు చెప్తారు, బిర్యానీ వచ్చేలోగా ఊరికే కూర్చోవడం ఎందుకని చికెన్ 65, అపోలో ఫిష్ చెప్తారు, ప్లేట్లు వచ్చేసరికి అందరూ నిండిపోయి ఉంటారు. మూడు ప్లేట్లు పార్సిల్ అవుతాయి. ఆ పార్సిల్ రాత్రి హోటల్ గదిలో, తువ్వాలు పరిచి, తొమ్మిదిన్నరకు తింటారు. మిర్చీ కా సాలన్ మంచం దుప్పటి మీద ఒలికేది అప్పుడే.

ఏ హోటల్లో అన్న ప్రశ్న మేము ముట్టుకోం. ఆటోవాడిని అడిగితే ఒక పేరు చెప్తాడు, హోటల్ రిసెప్షన్లో ఇంకొకటి, కూకట్‌పల్లిలో పదిహేనేళ్లుగా ఉంటున్న తోడల్లుడు మూడోది. ముగ్గురూ ఒప్పుకునే మాట ఒక్కటే: "ఇదివరకటిలా లేదండీ." ఈ మాట బిర్యానీ పుట్టిన రెండో రోజు నుంచీ ఉండి ఉంటుందని మా అనుమానం.

హలీం గురించి ఒక హెచ్చరిక. 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది నిజమే, కానీ దాని కాలం రంజాన్ నెల. ఆ నెలలో సాయంత్రమయ్యేసరికి వీధివీధినా భట్టీలు, పొడవాటి కర్రలతో గోధుమనూ మాంసాన్నీ కలిపి గంటల తరబడి దంచే మనుషులు. మిగతా పదకొండు నెలలు అక్కడక్కడా దొరికేది ఆ పేరు మాత్రమే. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందే వచ్చేస్తుంది. పోయినసారి ఫలానా తారీఖున తిన్నామని ఈసారీ అదే తారీఖుకు టికెట్లు తీస్తే, హలీం మీకు చెప్పకుండా వెళ్లిపోయి ఉంటుంది.

ఇరానీ చాయ్ దగ్గర బావగారి పరిపాలనా దక్షత పూర్తిగా విఫలమవుతుంది. "రెండు చక్కెర తక్కువ, ఒకటి అల్లం, ఒకటి స్ట్రాంగు, అమ్మకు పాలు ఎక్కువ" అని ఆయన చెప్తుండగానే ఏడు కప్పులు బల్ల మీద పడతాయి, అన్నీ ఒకటే. డికాక్షన్ ఒక పాత్రలో మూత బిగించి మరుగుతూ ఉంటుంది, పాలు ఇంకో పాత్రలో చిక్కబడుతూ ఉంటాయి, రెండూ కలిసేది కప్పులోనే. మధ్యలో మీ అభిప్రాయానికి చోటు లేదు. ఉస్మానియా బిస్కెట్టును ముంచి రెండు అంకెలు లెక్కపెట్టి తీసేయాలి. మూడో అంకెకు అది చాయ్‌లో విలీనమవుతుంది. చెంచా అడగకండి, పక్క బల్లవాళ్లు చూస్తున్నారు.

గాజుల వీధి లాడ్ బజార్ పొద్దున ఎనిమిదికి అని షీటులో ఉంది. ఎనిమిదికి అక్కడ ఉండేవి షట్టర్లు, పావురాలు. పదకొండు దాటాక వెళ్లండి. లక్క గాజులకు సైజు నోటితో చెప్పాలి: రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది. అంటే రెండంగుళాల మీద పదహారో వంతులు ఎన్నో ఆ లెక్క. ఊళ్లో ఉన్న వదినకు, మరదలికి, ఎదురింటి పిన్నిగారికి కొనేటప్పుడు "ఇంచుమించు నా చెయ్యంత" అని చూపిస్తే పని చేయదు, లక్క సాగదు. ఇంట్లోంచి తలా ఒక పాత గాజు పట్టుకెళ్లడం ఉత్తమం. కొన్నవాటిని ఎండలో కారు అద్దం దగ్గర పెట్టకండి, లక్క మెత్తబడి రాళ్లు ఊడిపోతాయి. ముత్యాలూ కొంటారు ఎలాగూ. సముద్రం లేని ఊరికి ముత్యాల పేరు ఎలా వచ్చిందని దుకాణంలో అడగకండి, ముప్పావుగంట చరిత్ర చెప్తారు, దాని ఖరీదు దండలో కలుపుతారు. ముత్యాన్ని ముందుపళ్లకు రుద్దితే అసలుది గరుకుగా తగులుతుంది, ప్లాస్టిక్కు జారుతుంది. ఈ పరీక్ష ఏడుగురూ ఒకే దండ మీద చేయనవసరం లేదు.

రామోజీ ఫిల్మ్ సిటీకి ఒక రోజు మొత్తం రాసిచ్చేయండి. దాని పక్కన ఇంకేదీ రాయకండి. బిర్లామందిర్‌కు మధ్యాహ్నం వెళ్లకండి, తలుపులు వేసి ఉంటాయి.

ఇంతవరకూ చెప్పినవన్నీ పాటించినా ప్రణాళిక నిలవదు. ఎందుకంటే షీటులో బంధువులు లేరు. మియాపూర్‌లో పెద్దమ్మ, ఎల్‌బీ నగర్‌లో మేనమామ, ఉప్పల్‌లో వియ్యపురాలి చెల్లెలు. మెట్రో ఎర్రగీతకు ఒక చివర మియాపూర్, ఇంకో చివర ఎల్‌బీ నగర్, మధ్య 29 కిలోమీటర్లు. మన బంధువులు కావాలనే ఆ రెండు చివర్లూ చూసి ఇళ్లు కొంటారు.

"మా ఊరొచ్చి హోటల్లో దిగారట కదా" అని పెద్దమ్మ ఫోను. దానికి సమాధానం లేదు, భోజనానికి వెళ్లడమే.

"ఇన్ని ఎందుకు చేశావు పెద్దమ్మా?"

"ఏం చేశాన్రా! పప్పూ, పులిహోరా, ఓ రెండు కూరలూ, గారెలూ. మీకని ప్రత్యేకం ఏం చేశాను?"

ప్రత్యేకం ఏమిటంటే బిర్యానీ. మీరు హైదరాబాదు వచ్చారని చేసింది. కుక్కర్లో. తినాలి, బాగుందనాలి, రెండోసారి వడ్డించుకోవాలి. ఒక బంధువింటికి వెళ్లి ఇంకొకరింటికి వెళ్లకపోతే వచ్చే నష్టాన్ని పెళ్లిళ్లలో పదేళ్లు కట్టాలి. కాబట్టి ఏడు రోజుల్లో మూడు మధ్యాహ్నాలు ఇప్పుడే కొట్టేయండి. ఆ రోజుల్లో సాయంత్రం మొజంజాహీ మార్కెట్లో సీతాఫలం ఐస్‌క్రీం తప్ప ఇంకేదీ పెట్టుకోకండి, అదీ సీజనైతే.

తిరుగు ప్రయాణం. విమానమైతే చేతిసంచికి 7 కిలోలు. ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా 400 గ్రాములదనుకుంటే ఊళ్లో పంచాల్సిన 18 ఇళ్లకు 7.2 కిలోలు. ఆ 200 గ్రాముల కోసం ఎవరింటిని తీసేయాలన్న చర్చ విమానాశ్రయంలో కాకుండా ముందురోజే జరగాలి. రైలైతే టికెట్టు మీద ఏ స్టేషనో రెండుసార్లు చదవండి: సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి. "హైదరాబాద్ దక్కన్" అంటే నాంపల్లి. బావగారు రెండుసార్లు చదివారు, అయినా సికింద్రాబాదుకే క్యాబు చెప్పారు, అలవాటు.

రాత్రి రైలుకు పార్సిల్ తీసుకుంటారు, తప్పదు. సాలన్ కవరుకు రబ్బరుబ్యాండు వేసి ఇస్తారు; దాన్ని ఇంకో కవరులో పెట్టి నిలువుగా మూల కిటికీ దగ్గర ఆనించాలి, సూట్‌కేసు మీద కాదు. విజయవాడ వైపు బండైతే భువనగిరి దాకా ఆగుదామని అందరూ అనుకుంటారు. ఘట్‌కేసర్ రాకముందే ఎవరో మూత తీస్తారు. పై బెర్తు ఆయన తల కిందికి వంచి, "ఏ హోటల్లో తీసుకున్నారండీ?" అంటాడు. బావగారు పేరు చెప్తారు.

"అబ్బే," అంటాడాయన, మళ్లీ పడుకుంటూ. "ఇదివరకటిలా లేదండీ అక్కడ."