వైజాగ్‌లో మూడు రోజులు: అరకుకు ఒక్క రోజు చాలుతుందా?

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో మూడు రోజుల విహారానికి విశాఖపట్నం బయల్దేరే కుటుంబంలో టికెట్లు ఖాయమైన రోజే ఒక చర్చ మొదలవుతుంది. ఉన్న మూడు రోజుల్లో ఒకటి తీసి అరకుకు కేటాయించాలా, వద్దా అన్నదే ఆ చర్చ. చాలా ఇళ్లలో అది ఎక్కువసేపు సాగదు. "వైజాగ్ దాకా వెళ్లి అరకు చూడకుండా వస్తారా?" అని పెద్దవాళ్లలో ఒకరు అనగానే తీర్మానమైపోతుంది. వైజాగ్ చేరడంతోనే పెద్ద ప్రయాణం అయిపోయిందని, అరకు ఇక పక్క వీధి లాంటిదని ఆ మాటలో ఒక ఊహ దాగి ఉంది. నిజానికి అరకు లోయ విశాఖకు రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అది విశాఖ జిల్లాలో కూడా లేదు. పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. అయినా "వైజాగ్-అరకు" అని రెండింటినీ ఒకే ఊరి పేరులా పలికే అలవాటు మనకు పోలేదు.

ఈ ప్రశ్న కిలోమీటర్లతో తేలదు, గంటలతో తేలుతుంది. మంచి జాతీయ రహదారి మీద 115 కిలోమీటర్లంటే రెండు గంటల పని. ఇక్కడ శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ప్రతి మలుపులోనూ వేగం తగ్గించాలి, దారిలో టీకి ఒకసారి, ఫొటోలకు రెండుసార్లు ఆగాలి. కాబట్టి వెళ్లడానికి మూడున్నర నుంచి నాలుగు గంటలు, తిరిగి రావడానికి మళ్లీ అంతే పడుతుంది. ఉదయం ఆరింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదికి హోటల్ చేరితే ఆ పదిహేను గంటల్లో దాదాపు సగం కారులోనే గడిచిపోతుంది. మిగిలినదాంట్లో బొర్రా గుహలకు పార్కింగు, టికెట్టు, మెట్లు అన్నీ కలిపి రెండు గంటలు, భోజనానికి ఒక గంట తీసేయాలి. ఇక చేతిలో ఉండే నాలుగు గంటల్లోనే గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం, గాలికొండ వ్యూపాయింటు, చాపరాయి, కాఫీ దుకాణం, బొంగులో చికెన్ అన్నీ ఇమడాలి. "చీకటి పడితే ఘాట్ కష్టం సార్" అని డ్రైవరు తొందరపెట్టడం మొదలుపెట్టేది సరిగ్గా అప్పుడే. అతని తొందరలో తప్పు లేదు, తప్పు మన ప్రణాళికలోనే ఉంది.

నా అభిప్రాయం ఇది. మూడు రోజుల వైజాగ్ విహారంలో అరకుకు ఒక రాత్రి ఇవ్వగలిగితే ఇవ్వాలి, ఇవ్వలేకపోతే అరకు దాకా వెళ్లకూడదు. కొండల్లోంచి సాగే రైలు ప్రయాణం కోసమే వెళ్లేవారికి మాత్రం ఇది వర్తించదు.

ఆ రైలు సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఒక్క రోజు అరకు యాత్రకు అది ఒక్కటే గట్టి సమర్థన. విశాఖ దగ్గరి కొత్తవలస నుంచి అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు ఉన్న ఈ మార్గాన్ని 1960ల్లో బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడం కోసం వేశారు. తూర్పు కనుమలను తొలిచి 50కి పైగా సొరంగాలు, లోయల మీద ఎన్నో వంతెనలు కట్టింది ఖనిజం కోసమే తప్ప మన విహారం కోసం కాదు. ఆ కొండల నడుమ సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషను దాకా రైలు ఎక్కే తీరు చూడదగ్గది. సొరంగంలో చీకటి, బయటికి రాగానే ఒక్కసారిగా లోయ, అది కంటికి ఆనేలోపు మళ్లీ చీకటి. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె వచ్చాక గిరాకీ మరీ పెరిగింది. అందులో 44 సీట్లే కావడంతో శీతాకాలంలో వారాంతపు టికెట్ దొరకడం అదృష్టమే. సాధారణ పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నవారికి గాలి కూడా తగులుతుంది కనుక వారేమీ నష్టపోరని నేననుకుంటాను.

రైలు ఉదయం ఏడు గంటలకు కాస్త ముందు విశాఖలో బయల్దేరి పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. ఖనిజం బండ్లు తిరిగే మార్గం కాబట్టి ఏ చిన్న స్టేషన్లోనైనా ఆగి ఉండిపోవచ్చు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి రాకపోకలు నిలిచిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు అన్న పద్ధతి స్థిరపడింది. రాష్ట్ర పర్యాటక సంస్థ కూడా ఈ పద్ధతిలో యాత్రలు నడిపింది. హైదరాబాద్ వారు ఇక్కడ ఇంకో చిక్కు గమనించాలి. వందే భారత్‌లో మధ్యాహ్నం బయల్దేరినవారు అర్ధరాత్రికి దగ్గరగా విశాఖలో దిగుతారు, మరునాడు తెల్లవారకముందే లేచి మళ్లీ స్టేషనుకు రావాలంటే పిల్లలు మొండికేస్తారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుజామున దిగినవారికి ఎదురుగా అరకు రైలు సిద్ధంగా ఉంటుంది, ఆశ పుడుతుంది. రాత్రంతా బండిలో కునికిపాట్లు పడి మళ్లీ నాలుగు గంటలు బండిలోనే కూర్చునే ఓపిక ఎవరికుందో వారే తేల్చుకోవాలి. సొరంగాల మధ్య నిద్రపోతున్న ముఖాలను ఆ రైలులో చాలానే చూశాను.

రాత్రి ఉండలేని, అయినా కొండలు ఎక్కకుండా ఉండలేని కుటుంబానికి ఒక మధ్యేమార్గం ఉంది. అరకు మాట మరచిపోయి బొర్రా దగ్గరే ఆగిపోవడం. బొర్రా గుహలు విశాఖకు 90 కిలోమీటర్ల దూరంలో, అరకుకు ఇవతలే ఉన్నాయి. రైలుకు అక్కడ స్టేషను కూడా ఉంది. అప్పటికే సొరంగాల ఆనందంలో అధిక భాగం దక్కుతుంది. అక్కడి నుంచి అరకు వెళ్లి మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చే రెండు గంటలకు పైగా సమయం మిగులుతుంది. గుహల్లో తీరిగ్గా తిరిగి, భోజనం చేసి, మధ్యాహ్నం మూడింటికి కారు ఎక్కితే దీపాలు పెట్టే వేళకు ఊళ్లో ఉండవచ్చు. ఈ మార్గాన్ని ఎవరూ సూచించకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు: తిరిగొచ్చాక "బొర్రా దాకా వెళ్లి అరకు చూడలేదా?" అని అడిగేవాళ్లుంటారు.

రాత్రి ఉన్నవారికి దొరికే అరకు వేరు. పగటి సందర్శకుల వాహనాలు సాయంత్రానికి కొండ దిగిపోయాక లోయలో సద్దుమణుగుతుంది. తెల్లవారుజామున పొలాల మీద మంచు కనిపిస్తుంది, శీతాకాలం మొదట్లో వలిసె పూలు పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి, వారపు సంత రోజైతే చుట్టుపక్కల గూడేల నుంచి సరుకు నెత్తిన పెట్టుకుని నడిచివచ్చే గిరిజనుల వరుస కనిపిస్తుంది. వెండి ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య పెరిగే కాఫీ మొక్కను దగ్గరగా చూడాలంటే, 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన ఆ కాఫీ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే, తోటలో నడవడానికి గంటైనా ఉండాలి. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల పరుపు చూడదలచినవారికి ఒక్క రోజు యాత్ర పనికిరానే రాదు, సూర్యోదయానికి ముందే కొండ మీద ఉండాలి.

రాత్రి ఉండాలనుకుంటే ఏ రాత్రి అన్నదీ ముఖ్యమే. వైజాగ్ హోటల్లో మూడు రోజులకూ గది తీసుకుని మధ్యలో ఒక రాత్రి అరకులో గడిపితే ఆ రాత్రికి రెండు గదుల అద్దె కట్టినట్టే. చివరి రాత్రి పెట్టుకుంటే తిరుగు ప్రయాణపు రైలో విమానమో అందుతుందో లేదోనన్న బెంగ ఘాట్ రోడ్డు పొడవునా వెంటాడుతుంది. విశాఖలో దిగిన రోజే కొండ ఎక్కి, మరునాడు దిగివచ్చి, మిగిలిన సమయమంతా ఊరికి ఇవ్వడం మేలు. డిసెంబరు వారాంతాల్లో అరకులో గదులు ముందే నిండిపోతాయి, రోడ్డు మీద వాహనాలు బారులు తీరతాయి. ఆ రోజుల్లో గది చేతిలో లేకుండా వెళ్లడం సాహసమే.

ఇంట్లో జరిగే చర్చలో అసలు ప్రస్తావనకే రానిది, అరకుకు రోజు ఇచ్చినందువల్ల విశాఖలో ఏం పోతుందన్న విషయం. బీచ్ ఎప్పుడూ ఉండేదే కదా అనుకుంటాం. రామకృష్ణా బీచ్ ఒడ్డున, 2001లో నౌకాదళ సేవల నుంచి విరమించి మరుసటి ఏడాది ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి, దాని ఎదుట టీయూ-142 విమానం రెంటినీ శ్రద్ధగా చూడాలంటే సగం పూట పడుతుంది. సింహాచలం దర్శనానికి ఒక ఉదయం తీయాలి. భీమిలి రోడ్డులో బౌద్ధ భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్ల పేరొచ్చిన తొట్లకొండ, బావుల పేరు మోసే బావికొండ ఉన్నాయి. తొట్లకొండ మీద సాయంత్రం నిలబడితే ఒకవైపు స్తూపాల శిథిలాలు, మరోవైపు సముద్రం కనిపిస్తాయి. దారి చివర డచ్చివారి సమాధులున్న భీమునిపట్నం (భీమిలి), 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉన్న ఈ దారి అరకు వెళ్లొచ్చిన అలసటలో చాలామంది జాబితా నుంచి జారిపోతుంది.

పెద్దవాళ్లు వెంట ఉంటే లెక్క ఇంకా మారుతుంది. బొర్రాలో లోపలికి దిగడం తేలికే, మెట్లెక్కి పైకి రావడం మోకాళ్లకు పరీక్ష. ఘాట్ మలుపుల్లో పిల్లలకు వాంతులైతే ఆ రోజు ఇక ఎవరికీ విహారం కాదు. మరోవైపు, అమెరికా నుంచి నాలుగేళ్లకొకసారి వచ్చేవారు "మళ్లీ ఎప్పుడొస్తామో" అంటే ఆ మాటను కొట్టిపారేయలేం. వారికి నేను చెప్పేది ఒకటే, ఆ వాదన నిజమైతే ఇంకో రోజు సెలవు సంపాదించి రాత్రి ఉండండి. మళ్లీ రాలేనంత విలువైన చోటికి నాలుగు గంటలు మాత్రం కేటాయించడంలో పొంతన లేదు.

వెళ్లకూడదని నిర్ణయించుకున్నవారు రెండో రోజు సాయంత్రం భీమిలి దాకా వెళ్లి, అక్కడ నది సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చోవచ్చు. అది గోస్తనీ నది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కింద నుంచి పారి, తాటిపూడి జలాశయంలో ఆగి విశాఖ వాసుల కుళాయిల్లోకి కొంత నీరు పంపి, మిగిలిన నీటితో ఇక్కడిదాకా వస్తుంది.